ప్రాణహిత ఒడ్డున ఆస్టీరియాస్: ముళ్లు లేని కాక్టస్‌కు తడి రాత్రులతో పేచీ

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌షా, సిరోంచ వైపు ఈ మాట ఎవరికీ అతిశయోక్తిగా తోచదు. మే నెలాఖరుకు పగటి వేడి 45 డిగ్రీలు దాటడం అక్కడ ఏటా చూసేదే. ఆ రోజుల్లో మిద్దె మీది కుండీలో ఆస్టీరియాస్ కాక్టస్‌ను చూస్తే పెంచేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. చలికాలంలో నిండుగా ఉబ్బిన బిళ్ల కాస్తా అంచులు ముడుచుకుని, మట్టితో సమానంగా కుంగి, రంగు తగ్గి బూడిద పూసినట్టు పడి ఉంటుంది. ఎండిపోతోందన్న కంగారులో చెంబెడు నీళ్లు పోస్తారు. మర్నాడు ఇంకో చెంబు. మృగశిర చినుకులు పడేనాటికి దాని అడుగు మెత్తబడుతుంది. ఆరుద్ర వచ్చేసరికి వేలితో నొక్కితే వేలు లోపలికి దిగుతుంది.

ఈ ప్రాంతంలో ఆస్టీరియాస్ పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువ మంది ఇలాగే పోగొట్టుకుంటారు. ఎండ పాలిట పడి చచ్చేవి తక్కువ. ఎండాకాలంలో కుంగడం ఈ మొక్కకు పుట్టుకతో వచ్చిన విద్య. లోపలి నీరు తగ్గుతున్నకొద్దీ అది తన ఒంటిని నేలలోకి లాక్కుంటుంది. సొంత గడ్డ మీద కరువు రోజుల్లో పక్కనే నిలబడి చూసినా కనిపించనంతగా మట్టిలో కలిసిపోతుంది. అలా నిద్రపోతున్నదాన్ని ఆ వేడిలో నీళ్లు పోసి లేపడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ సొంత గడ్డ ఎలాంటిదో తెలిస్తే సగం తప్పులు ఆగిపోతాయి. ఆస్ట్రోఫైటం ఆస్టీరియాస్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం దక్షిణ కొసన స్టార్ కౌంటీలోనూ, రియో గ్రాండే నదికి ఆవల మెక్సికోలోని తమౌలిపాస్, నువో లెయోన్ రాష్ట్రాల్లోనూ పెరుగుతుంది. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు జుకారిని 1845లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. 1868లో లెమేర్ ఆస్ట్రోఫైటం ప్రజాతిలోకి మార్చాడు. ఆస్ట్రోఫైటం అంటే గ్రీకులో నక్షత్ర మొక్క. ఎడారి కాక్టస్ అని అమ్ముతారు గానీ అది ఇసుక తిన్నెల ఎడారి కాదు. ముళ్ల పొదలు, పొట్టి చెట్లు, గులకరాళ్లు కలిసిన బంకమన్ను ఉన్న మెట్ట నేల. మన తుమ్మ, రేగు పొదల అడవిని తలపించే చోటు. ఆ పొదల కింద పల్చటి నీడలో ఇది మొలుస్తుంది. ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ రెండు విడతలుగా, మే-జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. మధ్యలో జూలై, ఆగస్టు వేడికి వాన తగ్గుతుంది, మొక్క కుంగి కూర్చుంటుంది.

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. అందులో సింహభాగం సరిగ్గా ఆ జూలై, ఆగస్టుల్లోనే కురుస్తుంది. అక్కడ మొక్క పడుకునే వేళకు ఇక్కడ ఆకాశం చిల్లుపడుతుంది. మొత్తం వాన రెట్టింపు కావడం కన్నా, వాన పడే వేళ తారుమారు కావడమే పెద్ద దెబ్బ.

మొక్క రూపం చెప్పాలంటే మనకు దగ్గరి పోలిక ఉసిరికాయ. పెద్ద ఉసిరికాయను పైనుంచి అరచేత్తో నొక్కి చదును చేసినట్టు ఉంటుంది. ఉసిరికి ఆరు చారలుంటే దీనికి సాధారణంగా ఎనిమిది. చారకూ చారకూ మధ్య ఒక్కో త్రికోణపు పలక, ఆ పలక నడిమి గీత వెంట వరుసగా ఉన్ని ముద్దల్లాంటి బొట్లు. వీటినే అరియోల్స్ అంటారు. పువ్వు వచ్చేది వీటి నుంచే, నడినెత్తికి దగ్గరగా. బాగా ఎదిగిన మొక్క అడ్డంగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉన్నా ఎత్తు 6, 7 సెంటీమీటర్లు మించదు. ముళ్లు అస్సలు ఉండవు. వాటికి బదులు ఒళ్లంతా సుద్దచుక్కల్లాంటి తెల్లని మచ్చలుంటాయి. భూతద్దంలో చూస్తే ఒక్కో మచ్చా సన్నని నూగు కుచ్చు. ముళ్లున్న కాక్టస్‌లు ముళ్లతో చేసుకునే నీడను ఇది ఈ నూగుతో చేసుకుంటుంది. అందుకే తెల్లమచ్చలు దట్టంగా ఉన్న రకాలు ఎండకు కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. ఈ మచ్చల కోసమే జపాన్‌లో దశాబ్దాలుగా ఏరి ఏరి పెంచారు. అక్కడ దీన్ని కబుటో, అంటే యోధుల శిరస్త్రాణం, అంటారు. నర్సరీల్లో దొరికే సూపర్ కబుటో ఆ ఎంపిక ఫలమే.

మనవైపు కంచెల్లో కనిపించే బొంతజెముడుతో దీనికి చుట్టరికం లేదు. బొంతజెముడు గిల్లితే పాలు కారుతాయి, అది యూఫోర్బియా కుటుంబం. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్, అమెరికా నుంచి వచ్చినదే. తెలుగులో రెండింటినీ జెముడు అనే అంటాం కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి. జెముడులాగే ఎక్కడ పాతినా బతుకుతుందనుకుని ఆస్టీరియాస్‌ను నల్లరేగడిలో నాటినవాళ్లు తక్కువేం కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి రాత్రిది. మామూలు మొక్క పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలి పీలుస్తుంది. కాక్టస్ పగలంతా వాటిని బిగించి, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. అప్పుడు లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, ఆ దాచిన సరుకుతో ఎండలో తిండి వండుకుంటుంది. ఈ పద్ధతిని క్యామ్ అంటారు. ఇది సాగాలంటే పగటికీ రాత్రికీ వేడిలో తేడా కావాలి. రాత్రి కూడా వేడిగా ఉంటే రంధ్రాలు సరిగా తెరుచుకోవు, తెరుచుకున్నా దాచేది తక్కువ, శ్వాసలో ఖర్చయ్యేది ఎక్కువ. అంటే మొక్క పెరగదు. పెరగని మొక్క నీళ్లు తాగదు. తాగని నీళ్లు కుండీలోనే నిలుస్తాయి. వెచ్చని తడిలో గాలి ఆడక సన్నని వేళ్లు ముందు చస్తాయి, ఆ చచ్చిన వేళ్లే ఫ్యుజేరియం లాంటి శిలీంధ్రాలకూ, శిలీంధ్రాలను పోలిన ఫైటోఫ్తొరా లాంటి సూక్ష్మజీవులకూ దారి. అక్కడినుంచి కుళ్లు మొక్క నడుమనున్న నాళాల వలయం పట్టుకుని పైకి ఎక్కుతుంది. బయటికి కనిపించేసరికి లోపల పని పూర్తయిపోతుంది.

మే నెలలో చంద్రపూర్ రాత్రులు 28, 30 డిగ్రీల దగ్గర ఆగుతాయి. జూలై ముసురులో పగలూ రాత్రీ ఒకే ఉక్కపోత. దసరా దాటాకే రాత్రి 20కి దిగుతుంది, పగలు 30 దగ్గర ఉంటుంది. కాక్టస్ కోరేది అదే. యూరప్ పుస్తకాలు, వీడియోలు చూసి “వేసవిలో నీళ్లు, చలికాలంలో ఎండగట్టు” అన్న లెక్క పాటిస్తే ఇక్కడ మొక్కలు దక్కవు. అక్కడి చలికాలం రాత్రులు సున్నాకు దిగుతాయి గనుక వాళ్లు ఎండగడతారు. మన చలికాలమే దీనికి పంటకాలం.

అందుకని నీళ్ల లెక్కను కార్తెల ప్రకారం పెట్టుకుంటే సరిపోతుంది. 10 సెంటీమీటర్ల కుండీ, అందులో నాలుగైదు సెంటీమీటర్ల మొక్క అనుకుందాం. చిత్త కార్తె నుంచి, అంటే అక్టోబరు రెండో వారం నుంచి, 10-12 రోజులకోసారి 150 మిల్లీలీటర్లు, అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. డిసెంబరు, జనవరిల్లో 15-20 రోజులకోసారి చాలు. ఫిబ్రవరి, మార్చిలో మొగ్గలు వస్తాయి, మళ్లీ పది రోజులకు తేవాలి. ఏప్రిల్ రెండో వారం దాటాక చెయ్యి బిగించాలి. మే అంతా కలిపి రెండు సార్లు, ఒక్కోసారి 50 మిల్లీలీటర్లు, కుండీ అంచు వెంట మాత్రమే. అసలు పోయకపోతే ఏమవుతుందంటే, చిన్న కుండీలో నెలన్నర పాటు ఎముకలా ఎండితే పీల్చే వేళ్లన్నీ రాలిపోతాయి, అక్టోబరులో మొక్క కోలుకోవడానికి రెండు నెలలు పడుతుంది. ఆ రెండు గుక్కలు వేళ్లను కాపాడటానికే. అవి తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలకు పోయాలి. సాయంత్రం చల్లబడిందనిపించినా మిద్దె మీది కుండీ లోపల ఇంకా కాలుతూనే ఉంటుంది, పోసిన నీరు వేడెక్కి వేళ్లను ఉడకబెడుతుంది. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు నడుమ దాకా నెలకోసారి, అదీ వరసగా మూడు రోజులు పొడి వాతావరణం ఉంటుందని తేలితేనే, కుండీలో మూడో వంతు తడిసేటట్టు. ముసురు పట్టిన వారంలో చుక్క నీరు అక్కర్లేదు. గాలిలో తేమ వల్ల ఆ రోజుల్లో మొక్క నీరు కోల్పోయేది కూడా తక్కువే.

వానకాలంలో పైకప్పు తప్పదు. పారదర్శకమైన పాలికార్బొనేట్ రేకు గానీ, మందపాటి ప్లాస్టిక్ పట్టా గానీ ఏటవాలుగా కట్టి, నాలుగు వైపులా బార్లా వదిలెయ్యాలి. పక్కలు కూడా మూసేస్తే వాన ఆగుతుంది గానీ గాలి ఆగి బూజు పడుతుంది. కుండీకీ కుండీకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాలి. ఎండాకాలంలో అదే చట్రం మీద 50 శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్ వేస్తే రెండు కాలాలకూ ఒకే ఏర్పాటు. మార్చి నుంచి మొదటి వానల దాకా ఈ నెట్ ఉండాల్సిందే. నేరుగా పడిన మే ఎండకు ఒక్క మధ్యాహ్నంలో దక్షిణం, పడమర వైపు పలకలు లేత గోధుమ రంగుకు తిరిగి లోపలికి గుంటపడతాయి. ఆ మచ్చ జీవితాంతం మానదు. కుండీలను నేరుగా కాంక్రీటు మీద పెట్టకుండా చెక్క మీదో, ఇటుకల మీదో లేపాలి.

మట్టి మిశ్రమం గురించి అందరూ అడిగేది ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి ఎక్కడ దొరుకుతుందని. దాని కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, ఎర్ర ఇటుక చాలు. బట్టీలో బాగా కాలిన పాత ఇటుకను కొట్టి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులు జల్లించి, పొడి మొత్తం కడిగెయ్యాలి. థర్మల్ విద్యుత్తు కేంద్రాలున్న ఈ ప్రాంతంలో బూడిద ఇటుకలు విరివిగా దొరుకుతాయి. అవి మాత్రం వద్దు. వాటిలో సున్నం, సిమెంటు ఉంటాయి, తడిసిన కొద్దీ క్షారం ఊరుతుంది, పలుకులు పొడై రంధ్రాలు పూడుకుంటాయి. పది పాళ్లలో ఇటుక పలుకులు నాలుగు, ప్రాణహిత, గోదావరి ఒడ్డున దొరికే ముతక ఇసుక మూడు, బొగ్గు ముక్కలు ఒకటి, బాగా చివికి జల్లించిన ఆకుల ఎరువో వర్మీకంపోస్టో ఒకటి, జల్లెడ పట్టిన ఎర్రమట్టి ఒకటి. ఇసుకను టీ వడగట్టే జాలిలో వేసి ఊపితే కిందికి రాలేదంతా పారెయ్యాలి, జాలిలో మిగిలింది పనికొస్తుంది. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా, కిన్వట్ ప్రాంతాల్లో పెరట్లో తవ్వితే వచ్చేది నల్లరేగడే. పిడికెడు కలిపినా అది తడికి ఉబ్బి, ఎండకు బిగుసుకుని, సన్నని వేళ్లను తెంపుతుంది. అసలు కలపకూడదు.

మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తేల్చడం తేలిక. మొక్క పెట్టకముందే కుండీ నింపి గ్లాసుడు నీళ్లు ఒక్కసారిగా పోస్తే, పైన మడుగు కట్టకుండా పది సెకన్లలో దిగిపోవాలి. మర్నాడు ఒక సన్నని వెదురు పుల్లను అడుగు దాకా గుచ్చి ఉంచి, అయిదో రోజు తీసి బుగ్గకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. చలికాలంలో ఆరో రోజుకు కూడా చల్లదనం పోకపోతే ఇటుక పాలు పెంచాలి. నర్సరీ నుంచి వచ్చిన మొక్క దాదాపు ఎప్పుడూ కొబ్బరిపొట్టులో ఉంటుంది. ఎండితే నీటిని అంటనివ్వదు, తడిస్తే వారాల తరబడి ఆరదు. తెచ్చిన వారంలోనే ఆ పొట్టంతా వేళ్ల నుంచి విదిలించి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటి, ఇంకో వారం ఆగి తొలి నీళ్లు పొయ్యాలి. వానకాలంలో కొన్న మొక్కయినా సరే ఈ పని వాయిదా వెయ్యకూడదు. కుండీ కూడా కుమ్మరి చేసిన మట్టిదైతే మేలు, గోడల గుండా తడి ఆరుతుంది. అడుగు రంధ్రం చిటికెన వేలు పట్టేంత ఉండాలి.

నీళ్ల విషయంలో రాజురా, గడ్‌చాందూర్ వైపు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సున్నపురాయి నేలల బోరు నీరు బాగా కఠినం. ఏడాది పోసేసరికి కుండీ మెడ చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, మొక్క మీద పడ్డ చుక్కలు నిజమైన మచ్చలతో కలిసి పోల్చుకోలేకుండా చేస్తాయి. ఆగస్టులో ఒక డ్రమ్ము వాన నీరు పట్టి మూత పెట్టి దాచుకుంటే పాతిక కుండీలకు చలికాలమంతా సరిపోతుంది. తొలకరి నీరు పట్టొద్దు, మిద్దె మీది దుమ్ము, బొగ్గు నలుసు అందులోనే కొట్టుకొస్తాయి.

కుళ్లును కనిపెట్టడంలో చాలామంది పొరబడతారు. నాలుగేళ్లు దాటిన మొక్క అడుగు అంచు గోధుమ రంగులోకి మారి బెరడులా గట్టిపడటం వయసు లక్షణం. దానికి మందు అక్కర్లేదు. బొటనవేలితో మెల్లగా నొక్కాలి. బెరడైతే రాయిలా ఉంటుంది. కుళ్లయితే పండిన జామకాయలా వత్తుకుంటుంది, రంగు పసుపు కలిసిన గోధుమగా, నీళ్లు చిమ్మినట్టు కనిపిస్తుంది. ఎండకు కుంగిన మొక్క ఈ రెంటికీ భిన్నం. ఒళ్లంతా సమానంగా తోలులా వంగుతుంది, ఎక్కడా రంగు మారదు. మూడు వారాల పాటు ఒకే వైపు వాలితే అడుగున వేళ్లు పోయాయని అర్థం, వెంటనే కుండీలోంచి తీసి చూడాలి.

కుళ్లు తేలితే ఆలస్యం చేయకుండా కోసెయ్యడమే. స్పిరిట్‌తో తుడిచిన పదునైన చాకుతో అడుగు నుంచి పల్చటి చక్రాలుగా కోస్తూ పోవాలి. ప్రతి కోతకూ చాకు తుడవాలి. మధ్యనున్న నాళాల వలయంలో ఇటుకరంగు చుక్క ఒక్కటి మిగిలినా లోపల వ్యాధి ఉన్నట్టే. వలయం పూర్తిగా తెల్లబడ్డాక గంధకం పొడి అద్ది, నీడలో పది రోజులు ఆరబెట్టాలి. వేళ్లు పోయిన ఆస్టీరియాస్ ముక్క మళ్లీ వేళ్లు వెయ్యడం చాలా నెమ్మది. దాన్ని డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటుకట్టడం ఎక్కువసార్లు నిలుస్తుంది. 12 సెంటీమీటర్ల ముదురు కాండాన్ని అడ్డంగా కోసి, మూడు మూలలూ ఏటవాలుగా చెక్కి, రెండు వలయాలూ ఒక్కచోటైనా ఒకదాన్నొకటి దాటేలా కూర్చోబెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు శిలువలా బిగించి నీడలో ఉంచితే వారం పది రోజుల్లో అతుకుతుంది. డ్రాగన్ ఫ్రూట్‌కు మన వేడీ వానా రెండూ పడతాయి. అంటు మొక్క ఉబ్బి పొడుగై ఆ చదును అందం కొంత పోతుందన్నది నిజమే, కానీ ప్రాణం నిలుస్తుంది.

పిండినల్లి ఎక్కువగా వేళ్ల మీదే దాక్కుంటుంది, కుండీ మార్చినప్పుడు తెల్లటి దూది పోగుల్లా కనపడుతుంది. వేళ్లు కడిగి, మిశ్రమం పారేసి, కుండీని ఎండలో కాల్చాలి. మార్చి, ఏప్రిల్ పొడిగాలికి ఎర్రనల్లి నడినెత్తిన లేత చర్మాన్ని తుప్పు రంగుకు తెస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సూర్యాస్తమయం తర్వాత కొట్టాలి, ఎండలో కొడితే మందే కాల్చేస్తుంది. వానకాలానికి ముందు ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు మట్టి పైపొర మీద పిచికారి చేస్తే చాలు, నెలనెలా అవసరం లేదు. ఉడుతల నుంచి జాలీ తప్ప వేరే కాపుదల లేదు. ముళ్లు లేని మొక్క వాటికి దోసకాయ ముక్కతో సమానం. మెక్సికోలో కూడా నేల ఉడుతలు దీని శత్రువులే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న జాతి ఇది. అమెరికా 1993లో అంతరించే ప్రమాదమున్న మొక్కగా ప్రకటించింది. పొదలు కొట్టి పొలాలు, గడ్డి మైదానాలు చేయడం, దొంగతనంగా పెరకడం, పెయోటే అనే ముళ్లు లేని మరో కాక్టస్ అనుకుని పొరపాటున కోసుకుపోవడం, ఇన్ని రకాలుగా అది తరిగిపోయింది. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటిస్ జాతులకు ప్రత్యేక షెడ్యూలు వచ్చింది. మొదటి అనుబంధపు జాతులను వృద్ధి చేసేవాళ్లు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు లైసెన్సు దరఖాస్తు పెట్టుకోవాలి. విదేశాల నుంచి పార్సిల్లో తెప్పించడానికి సైటిస్ పత్రాలూ, మొక్కల క్వారంటైన్ అనుమతీ లేకపోతే అది నేరం. మనదేశంలోనే గింజ నుంచి పెంచిన మొక్కలు దొరుకుతున్నప్పుడు ఆ దారి తొక్కడం అడవిలో మిగిలిన వాటికి చేసే ద్రోహం. అమ్మే వాటిలో సంకరాలు చాలా ఉంటాయి. అరచేతి వెడల్పు రాకముందే బంతిలా ఎత్తు పెరిగిందంటే అది అచ్చమైన ఆస్టీరియాస్ కాదు.

గింజల కోసం వేర్వేరు గింజల నుంచి పుట్టిన రెండు మొక్కలైనా కావాలి. ఒకే మొక్క పుప్పొడి దానికే పనిచెయ్యదు. పసుపు రేకులు, ఎర్రని గొంతు ఉన్న పువ్వు ఎండెక్కాక విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది, రెండు మూడు రోజులు నిలుస్తుంది. మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య సన్నని రంగుల కుంచెతో అటూ ఇటూ పుప్పొడి మార్చాలి. గింజ ముదురు గోధుమ రంగులో, బోలు టోపీలా ఉంటుంది, నీటి మీద తేలుతుంది. నిల్వ ఉన్నకొద్దీ మొలక శాతం పడిపోతుంది కాబట్టి వచ్చే అక్టోబరు దాటనివ్వకూడదు. పారదర్శకమైన మిఠాయి డబ్బాలో, మరిగే నీళ్లు పోసి చల్లార్చిన సన్న మిశ్రమం మీద గింజలు చల్లి, మట్టి కప్పకుండా మూత బిగించి, నీడ వెలుతురులో పెడితే 25-30 డిగ్రీలకు మూడు నుంచి ఏడు రోజుల్లో పచ్చపూసల్లా పైకి వస్తాయి. ఆ పూసలు ఎర్రబారితే వెలుతురు ఎక్కువైనట్టు, సాగితే తక్కువైనట్టు. ఆరు వారాల తర్వాత మూత రోజుకింత తెరుస్తూ పోవాలి. ఒక్కసారిగా తీస్తే రెండు రోజుల్లో మాడతాయి.

ఏడాదికి బఠాణీ గింజంత అవుతాయి. ఈ పిల్లమొక్కలకు పెద్దవాటి నీళ్ల లెక్క పనికిరాదు, దాచుకునే ఒళ్లు ఇంకా లేదు గనుక మే నెలలో కూడా నాలుగైదు రోజులకోసారి తెల్లవారుజామున తడపాలి, ముసురులో కూడా పూర్తిగా ఎండనివ్వకూడదు. రూపాయి బిళ్లంత అయ్యాక కార్తెల లెక్కలోకి తేవచ్చు.